నిష్ఠకు ఏడాది గ్యారంటీ

ఆ ఊళ్ళో ఫ్యూజు అంటే తెలియనివాళ్ళు లేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, కరెంటు బిల్లు మీద తప్ప అది ఎక్కడా కనబడేది కాదు. బస్టాండు పక్క సందులో అతనిది ఒంటిగది కొట్టు. లోపల విప్పిన ఫ్యాన్లు, మూతల్లేని మిక్సీలు, సీసం కరిగిన వాసన. మనిషి మంచివాడే. దేవుణ్ణి మాత్రం నమ్మడు. ఆ సంగతి కూడా కాఫీలో చక్కెర వద్దని చెప్పినంత మామూలుగా చెప్పేవాడు తప్ప ఎవరితోనూ వాదనకి దిగేవాడు కాదు. అలాంటివాడి చేతుల మీదుగా ఊరి భక్తంతా నడవాల్సి వచ్చిందంటే, దేవుడంటూ ఉంటే ఆయనకి నవ్వులాటంటే ఇష్టమని ఒప్పుకోక తప్పదు.

కథంతా అతని బావగారితో మొదలైంది. ఫ్యూజు అక్క మొగుడు ఆ ఊరి మున్సిపల్ ఛైర్మను. ఆయనది సన్మార్గ పక్షం, అందుకని ఊరంతా ఆయన్ని సన్మార్గం గారనే పిలిచేది. రాజకీయాల్లోకి రాకముందు పాత కార్లు అమ్మేవాడు. కారు ఎంత దూరం తిరిగిందో చూపించే అంకెల్ని వెనక్కి తిప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ చెయ్యే ఇప్పుడు మాట్లాడినప్పుడల్లా గుండె మీదికి వెళుతుంది. పోయిన ఎన్నికల్లో రోడ్లు వేయిస్తానన్నాడు, వేయించలేదు. ఈసారి ఎన్నికలు దగ్గర పడుతుండగా మురుక్కాలవలు పొంగి వీధిలోకి వచ్చాయి. ఇదేమిటని జనం నిలదీశారు. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని, కాలవలు పూడిపోవడానికి అసలు కారణం నైతిక పతనమని తేల్చాడు.

పతనానికి మందు కూడా ఆయనే కనిపెట్టాడు. మున్సిపాలిటీ జీతం తీసుకునే ప్రతి ఇంట్లోనూ, కౌన్సిలు సభ్యుల ఇళ్ళలోనూ, రోజూ సాయంత్రం సరిగ్గా ఏడింటికి ప్రార్థన గంట మోగాలి. ఇంటి పెద్ద స్వహస్తాలతో కొట్టాలి. ఏ దేవుడికి కొట్టినా అభ్యంతరం లేదు గానీ వీధిలోకి వినబడాలి. కొట్టని ఉద్యోగికి ఉద్యోగం ఉండదు. కొట్టని సభ్యుడికి నీతికి సంబంధించిన ఏ తీర్మానం మీదా చెయ్యెత్తే హక్కు ఉండదు. అందరూ బల్లలు చరిచి ఆమోదించారు. మురుక్కాలవలు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

ఎవరు కొడుతున్నారో, ఎవరు కొట్టడం లేదో వినడానికి ఒక శ్రవణ దళం పుట్టింది. దానికి పెద్ద, రిటైరైపోయిన డ్రిల్లు మాస్టారు. ఊరంతా ఆయన్ని చెవుల మాస్టారనేది. ఈల ఒకటి మెళ్ళో వేసుకుని, ఏడు కాకముందే వీధిలో నిలబడి, ఒక్కొక్క ఇంటి గంటా విని తల పంకించేవాడు. ఆ నిబంధనని అక్షరం పొల్లు పోకుండా నమ్మిన మనిషి ఊరు మొత్తానికి ఆయనొక్కడే. పాపం, ఆయనకి దాని వెనక ఎన్నికలున్నాయని కూడా తట్టలేదు.

గంటలు మొదలైన కొన్నాళ్ళకి ఫ్యూజు అక్క భుజం పట్టుకుని కొట్టుకొచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, నా చెయ్యి పడిపోయిందిరా."

"ఏమైందక్కా?"

"ఏమవుతుంది, గంట! మీ బావ ఏడింటికి ఏనాడు ఇంట్లో ఉన్నాడు గనక? క్లబ్బులో పేకముక్కలు పంచుతుంటాడు. ఆయన స్వహస్తాలు అక్కడుంటే ఇక్కడ కొట్టి చచ్చేది నేను. పైగా సరిగ్గా ఏడింటికే నా సీరియల్. ఆ పిల్లకి తండ్రెవరో చెప్పేశారట, నేను తప్ప ఊరంతా చూసింది. నువ్వేదో ఒకటి చెయ్యి."

అక్క ఏడిస్తే ఫ్యూజు తట్టుకోలేడు, అది సీరియల్ కోసమైనా సరే. పాత కారు అద్దం తుడిచే మోటారు ఒకటి తీశాడు. దానికో చిన్న ఇనప సుత్తి తగిలించాడు. వేళకి ఆన్ అయ్యే టైమరు ఒకటి కలిపి, అన్నీ ఒక చెక్కపెట్టెలో బిగించాడు. అక్క ఇంట్లో గంట పక్కనే పెట్టాడు. ఏడు కాగానే సుత్తి కదిలి గంటని కొట్టడం మొదలెట్టింది. కొట్టి కొట్టి దానంతటదే ఆగింది. అక్క టీవీ ముందునుంచి లేవకుండానే తమ్ముణ్ణి దీవించింది.

విషయం బావకి తెలిసింది. తిడతాడేమోననుకున్నాడు ఫ్యూజు. ఆయన పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"చూడు బామ్మర్దీ, భక్తికి ప్రాణం నిష్ఠ. నిష్ఠ అంటే ఏమిటి? వేళ తప్పకుండా చెయ్యడం. మనిషికి నిద్రొస్తుంది, జలుబు చేస్తుంది, పేకలో మంచి ముక్కలు పడతాయి. దీనికి అవేవీ లేవు. అంటే నిష్ఠ ఎవరికెక్కువ? దీనికే. అయితే ఈ సంగతి మూడో కంటికి తెలియకూడదు. జనానికి లోతైన విషయాలు అర్థం కావు."

మూడో కంటికి తెలియలేదు గానీ, వీధి వెంట వెళ్ళే మనిషికి ఒక పక్క సీరియల్ ఏడుపు, ఒక పక్క గంట, రెండూ ఒకే గదిలోంచి వినబడితే అనుమానం రాదూ? వైస్ ఛైర్మను భార్యకి వచ్చింది. ఆవిడ గొంతు ఊరికి ఆ చివర్నించి ఈ చివరిదాకా వినబడే గొంతు. కొట్టు వెనక తలుపు తట్టి, ఆ గొంతుని ఎంత తగ్గించగలదో అంత తగ్గించి, తనకీ అలాంటిది ఒకటి కావాలంది. ఆవిడ తర్వాత మార్కెట్టు వార్డు మెంబరు, ఆ తర్వాత శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఇలా ఒకరి వెనక ఒకరు. అందరూ వెనక తలుపు నుంచే. అందరిదీ ఒకటే మాట, "నాక్కాదు, మా ఆవిడకి భుజం నొప్పి." ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఒక్కసారే భుజాలు పడిపోయాయంటే ఏ డాక్టరైనా హడలిపోయేవాడు. ఆ వస్తువుకి పేరు పెట్టే ధైర్యం లేక అందరూ 'ఆ సామాను' అనేవాళ్ళు.

ఫ్యూజు చేసినదానికల్లా ఏడాది గ్యారంటీ ఇచ్చేవాడు. ఎవరి రహస్యం వాళ్ళకే దాచేవాడు. అందువల్ల ఒక తమాషా జరిగింది. ఆ ఊరి పెద్దల్లో ప్రతివాడూ తానొక్కడే దొంగననీ, మిగతావాళ్ళంతా చేతులు నొప్పెట్టేలా నిజంగానే కొడుతున్నారనీ గట్టిగా నమ్మేవాడు. కౌన్సిల్లో ఒకరి మొహం ఒకరు చూసుకుని లోలోపల సిగ్గుపడేవాళ్ళు. సిగ్గు ఎక్కువైనవాడు ఆ రోజు నీతి మీద ఇంకాస్త గట్టిగా మాట్లాడేవాడు.

ఇక ఫ్యూజు ఇంటి సంగతి. అతని భార్య మున్సిపల్ లైబ్రేరియను. అంటే నిబంధన వాళ్ళకీ వర్తిస్తుంది. గంట లేని ఇల్లు కాదు వాళ్ళది. ఫ్యూజు తల్లికి అరచేతిలో ఇమిడే ఇత్తడి గంట ఒకటుంది. ఆవిడ రోజూ ప్రార్థన చేసుకుని దాన్ని మోగిస్తుంది. కానీ ఏడింటికి కాదు. పనులన్నీ తెమిలి, కాళ్ళు కడుక్కుని, మనసుకి ఎప్పుడు తోస్తే అప్పుడు. ఒక్కోరోజు ఎనిమిది, ఒక్కోరోజు తొమ్మిది. అదీ గదిలో ఉన్నవాళ్ళకి వినబడేంత మెల్లగా.

"అమ్మా, అదేదో ఏడింటికే, కాస్త గట్టిగా కొట్టరాదూ? గొడవ వదిలిపోతుంది," అన్నాడు ఫ్యూజు ఒకరోజు.

"నా గంట నేను కొట్టుకుంటాన్రా. అల్లుడుగారు చెప్పిన టైముకి కొడితే అది అల్లుడుగారికి కొట్టినట్టవుతుంది. నేనాయన్ని దేవుడనుకోవట్లేదు. చిన్నప్పట్నించీ ఎరుగుదును."

భార్య అంతకన్నా తేలిగ్గా చెప్పింది. "కొట్టాలనిపిస్తే నేనే కొడతాను. నాకు అనిపించట్లేదు. అంతే." తర్వాత భోజనాల బల్ల మీద ఆరబెట్టిన ఇనప సుత్తులకేసి చూసి, "ఇవి ఎన్ని ఇళ్ళకి?" అంది. ఫ్యూజు చెప్పలేదు. ఆవిడ చాలాసేపు నవ్వింది. నవ్వడం అయ్యాక, "ఊళ్ళో ఎవరింట్లో అయినా బిగించండి, అది మీ వ్యాపారం. నా ఇంట్లో మాత్రం వద్దు. నా బదులు ఒక మోటారు అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు," అంది. ఆ చివరి మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో నవ్వు లేదు.

ఎన్నాళ్ళని దాగుతుంది! చెవుల మాస్టారు ఒకనాడు లైబ్రరీకి వచ్చి, టోపీ తీసి, ఎంతో మర్యాదగా అన్నాడు. "అమ్మా, మీ ఇల్లు వినబడటం లేదు."

"నిజమేనండి," అందావిడ.

ఆ మర్నాడే బావ కొట్టుకి ఊడిపడ్డాడు.

"నా సొంత బామ్మర్ది ఇల్లే మోగకపోతే నేను జనానికి ఏ మొహం చూపించను? మా ఇంట్లో బిగించావు కదా, అలాంటిదే ఇంకోటి మీ ఇంట్లో బిగించుకో. ఊరి నడుమ చౌకులో నేను కట్టించిన నీతి స్తంభం ప్రారంభం రోజున అక్కడే సభ. ఉద్యోగులు, సభ్యులు, అందరూ కుటుంబాలతో సహా రావాలని ఆర్డరు వేశాను. సరిగ్గా ఏడింటికి సభంతా నిశ్శబ్దం పాటించి ఊరి గంటలు వినాలి. అప్పుడు మీ ఇల్లు మోగిందా, సరే. మోగలేదా, అక్కడే మీ ఆవిణ్ణి తీసేసే తీర్మానం పెడతాను."

"అదేంటి బావా, మన ఇంటి మనిషి కదా!"

"అందుకే కదా! సొంతవాళ్ళనైనా వదల్లేదని ఊరంతా చెప్పుకుంటుంది. ఓట్లు రాలే మాట అది." ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, కాస్త తడబడి, మళ్ళీ అన్నాడు. "అంటే, ఆదర్శం కోసం."

ఫ్యూజుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. లైబ్రరీ అంటే భార్యకి ప్రాణం. పుస్తకాలకి అట్టలు తనే వేస్తుంది, చిరిగిన పేజీలు ఇంటికి తెచ్చి అతికిస్తుంది. ఆ ఉద్యోగం పోతే ఆవిడ ఏమైపోతుందో తలచుకుంటేనే అతని గుండె చెరువైంది. అలాగని పెట్టె బిగిస్తే ఆవిడ తన మొహం చూడదు. రెండిట్లో ఏది పోయినా నష్టమే. ఉద్యోగం పోతే మళ్ళీ రాదు, కోపం ఎప్పుడో ఒకప్పుడు పోతుంది కదా అనుకున్నాడు. సభ రోజు మధ్యాహ్నం, ఆవిడ లైబ్రరీలో ఉండగా, తల్లి గది గూట్లో సామాన్ల వెనకాల పెట్టె బిగించేశాడు. పెద్ద గంట కూడా ఒకటి తెచ్చి తగిలించాడు.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో తల్లి.

"ఏంట్రా అది?"

"ఏం లేదమ్మా. ఈ ఒక్కరోజుకే. నీ కోడలి ఉద్యోగం కోసం."

తల్లి పెట్టె వంక చూసింది, కొడుకు వంక చూసింది. "సరే, వెళ్ళి స్నానం చెయ్యి," అంది.  తల్లి అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి అతనికి భయం వేయాల్సింది. కంగారులో వేయలేదు.

సాయంత్రానికి చౌకు జనంతో కిటకిటలాడింది. నీతి స్తంభం గుడ్డ కప్పుకుని మధ్యలో నిలబడి ఉంది. దాని పునాదిని ఒరుసుకుంటూ మురుగు పారుతోంది. వాసన తెలియకుండా అగరొత్తులు కట్టలు కట్టలుగా వెలిగించారు. వేదిక మీద సన్మార్గం గారు, పక్కన వైస్ ఛైర్మను, వార్డు మెంబర్లు, శానిటరీ ఇన్‌స్పెక్టరు, కింద వరసలో వాళ్ళ భార్యలు, పిల్లలు, తల్లులు. ఛైర్మను అత్తగారు గనక ఫ్యూజు తల్లికి ముందు వరసలో మెత్తటి కుర్చీ వేశారు. ఆ పక్కన ఫ్యూజు, అతని భార్య. వెనకాల అక్క ఏడు కావస్తోందని చేతి గడియారం చూసుకుంటూ నిట్టూరుస్తోంది, సీరియల్ పోతోందని.

అప్పుడు వెలిగింది ఫ్యూజుకి. వేదిక ఆ చివర్నించి ఈ చివరిదాకా చూశాడు. తాను ఎవరెవరికి పెట్టెలు బిగించాడో వాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు. పెళ్ళాం పిల్లలతో సహా ఉన్నారు. ఇళ్ళకి తాళాలు. పెట్టెలకి ఆ సంగతి తెలియదు కదా! సభలూ తాళాలూ వాటికేం పట్టవు. ఏడు కాగానే అవి వాటి నిష్ఠ ప్రకారం అవి మోగుతాయి. తన ఇంట్లోదీ మోగుతుంది. పక్కనే కూర్చున్న భార్య వింటుంది. 

"బావా," అని లేచాడు.

"ష్‌!" అన్నాడు సన్మార్గం గారు మైకులో. "నిశ్శబ్దం. ఇప్పుడు మన ఊరి ఆత్మ వినండి."

 ఏడయింది. ముందు దూరంగా ఎక్కడో ఒక గంట. తర్వాత దగ్గర్లో ఇంకొకటి. తర్వాత నాలుగు దిక్కుల నుంచీ గంటలే గంటలు. నిజం చెప్పొద్దూ, వినడానికి బాగానే ఉంది. చెవుల మాస్టారు కళ్ళు మూసుకుని, మైకు ముందు నిలబడి, ఆనందంతో ఒక్కొక్కటే చెప్పసాగాడు.

"అది ఛైర్మను గారిది. అది మార్కెట్టు మెంబరుగారిది. ఆ సన్నటిది శానిటరీ ఇన్‌స్పెక్టరు గారిది. స్వహస్తాలతో ఎంత చక్కగా కొడుతున్నారో!" అని, వాళ్ళని అభినందిద్దామని కళ్ళు తెరిచి వెనక్కి తిరిగాడు. ఛైర్మను గారు కుర్చీలో ఉన్నారు. మెంబరు కుర్చీలో ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో ఉన్నాడు. మాస్టారు ఒకసారి వాళ్ళని చూశాడు, ఒకసారి ఊరి వంక చూశాడు. 

"మరి... కొడుతున్నదెవరు?" అన్నాడు. మైకు దగ్గరే ఉండటంతో ఆ మాట చౌకంతా వినబడింది.

 చిత్రమేమిటంటే వేదిక మీదున్నవాళ్ళలో సగం మందికి నిజంగానే ఒళ్ళు గగుర్పొడిచింది. తన ఇంట్లోది మోటారని ప్రతివాడికీ తెలుసు. మిగతావి ఎలా మోగుతున్నాయి? మార్కెట్టు మెంబరు చేతులు రెండూ జోడించి వైస్ ఛైర్మను వంక భక్తిగా చూశాడు.

సన్మార్గం గారు ఊరికే అన్నేళ్ళు పాత కార్లు అమ్మలేదు. క్షణంలో తేరుకుని మైకు లాక్కున్నాడు.

"మహిమ!" అన్నాడు. గొంతు బొంగురుపోయింది కూడా. "సోదర సోదరీమణులారా, మహిమ! మనం ఇక్కడ ప్రజాసేవలో ఉంటే, మన ఇళ్ళకి భగవంతుడే స్వయంగా వచ్చి గంట కొడుతున్నాడు!"

జనంలో కొందరు మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఎవరో ఏడ్చారు. ఫ్యూజుకి మాత్రం ఇవేవీ పట్టలేదు. చెవులు రిక్కించి ఒక్క గంట కోసమే వింటున్నాడు. తన ఇల్లున్న లైబ్రరీ సందు వైపు నుంచి చప్పుడు లేదు. పెట్టెలో తప్పేమైనా చేశానా? ఒక్కటంటే ఒక్కటి పాడవకుండా ఇన్ని బిగించి, సొంత ఇంటి దగ్గర చెయ్యి బెసికిందా?

పక్క కుర్చీలోంచి తల్లి అతని మోచేతిని పొడిచింది. గుప్పిట అతని ఒళ్ళో పెట్టి కొద్దిగా తెరిచింది. అరచేతిలో ఇనప సుత్తి. మరలు తిప్పడానికి వాడిన కూరగాయల చాకు మొన అప్పటికీ ఆవిడ సంచిలోంచి కనబడుతోంది. ఫ్యూజుకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

గంటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సన్మార్గం గారికి ఊపు వచ్చింది. "భగవంతుడు కూడా అడుగు పెట్టని ఇల్లు ఈ ఊళ్ళో ఒకటుంది. చెప్పడానికి నాకు గుండె తరుక్కుపోతోంది, అది మా బామ్మర్ది ఇల్లే. లేవమ్మా! మన లైబ్రేరియను. మీ ఇంట్లో గంట ఎందుకు మోగలేదో జనానికి చెప్పు."

ఆవిడ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. మైకు అడగలేదు. పుస్తకాలు వెనక్కివ్వని వాళ్ళతో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది.

"మా ఇంట్లో ఎవరూ లేరండి, అన్నయ్యగారూ. మేం ముగ్గురం ఇక్కడే ఉన్నాం. అందుకని మోగలేదు."

అంతే చెప్పి కూర్చుంది.

అంత చిన్న మాట జనంలోకి ఇంకడానికి కాస్త టైము పట్టింది. ముందు వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మోకాళ్ళ మీదున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటూ మెల్లగా లేచి దుమ్ము దులుపుకున్నారు. సన్మార్గం గారు, "మహిమ విషయంలో లెక్కలు పనికిరావు, నమ్మినవాడి ఇంట్లోనే మోగుతుంది, నమ్మనివాడి ఇంట్లో..." అని ఏదో అల్లుకొస్తున్నాడు. అల్లుకొచ్చేసేవాడే. కానీ కింద వరసలోంచి వైస్ ఛైర్మను భార్య దిగ్గున లేచింది. మొహం పాలిపోయి ఉంది. ఆవిడ కూడా ఇంతసేపూ తన ఇంటి గంట కోసమే చెవులప్పగించి వింది. అది మోగలేదు. దేవుడు అడుగు పెట్టని ఇల్లు అన్న మాట ఇంక తన నెత్తిన పడుతుందన్న భయంలో ఆవిడకి ఒళ్ళు తెలియలేదు.

"ఏమయ్యా ఫ్యూజూ!" అంది, ఉన్న గొంతంతా పెట్టి. "మా ఇంటిది మోగలేదేంటయ్యా? ఏడాది గ్యారంటీ అన్నావు, ఆర్నెల్లు కాకముందే పాడైపోతుందా?"

ఫ్యూజు అలవాటు కొద్దీ జవాబు చెప్పేశాడు. "నేను ముందే చెప్పాను కదమ్మా! ఎదురింటికంటే గట్టిగా మోగాలని మీరే బరువు సుత్తి పెట్టించుకున్నారు. మోటారు కాలిపోయుంటుంది."

 మార్కెట్టు మెంబరు వైస్ ఛైర్మను వైపు తిరిగి, "మీ ఇంట్లో కూడా ఉందా ఆ సామాను?" అన్నాడు. ఆ 'కూడా' నోరు దాటాక గానీ తానేమన్నాడో తెలియలేదు. "అంటే నీకూ ఉందా?" అని ఇన్‌స్పెక్టరు. "నీకెలా తెలుసు?" అని మెంబరు. వేదిక మీద మోసపోయిన మొహాలే అన్నీ. ఇన్నాళ్ళూ అనవసరంగా సిగ్గుపడ్డామే అన్న కోపం ఒకరి మీద ఒకరికి. ఇక జనం నవ్వు మొదలైంది. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, పొట్టలు పట్టుకుని నవ్వారు. అగరొత్తులు ఆరిపోయి మురుగు వాసన గుప్పుమంటున్నా ముక్కు మూసుకునే ఓపిక లేనంతగా నవ్వారు.

సన్మార్గం గారు నవ్వులకి లొంగే రకం కాదు. "ఏదేమైనా తీర్మానం తీర్మానమే!" అని అరిచాడు. "లైబ్రేరియనుని ఉద్యోగంలోంచి తొలగించడానికి అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి!"

ఫ్యూజు పక్కనున్న భార్య చెయ్యి వెతికి పట్టుకున్నాడు. అది చల్లగా ఉంది. అంత ధైర్యంగా మాట్లాడిన మనిషి లోపల ఎంత భయపడుతోందో అప్పుడు తెలిసింది అతనికి.

చేతులు లేవబోయాయి. ఇంతలో ఈల మోగింది. చెవుల మాస్టారు. ఆయన మొహం చూస్తే జాలేసేలా ఉంది. అయినా డ్రిల్లులో నిలబడ్డట్టే నిటారుగా నిలబడ్డాడు.

"నిబంధన ప్రకారం," అన్నాడు, "నీతి తీర్మానం మీద, స్వహస్తాలతో గంట కొట్టే సభ్యులే చెయ్యెత్తాలి."

లేవబోయిన చేతులు ఆగాయి. ఒకరు తల గోక్కున్నట్టు దించారు. ఒకరు గడియారం చూసుకున్నారు. సన్మార్గం గారు చెయ్యి సగం ఎత్తి, కింద ఉన్న పెళ్ళాం వంక చూశాడు. అక్క భుజం పట్టుకుని, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తోంది. ఇంకాస్త ఎత్తితే ఊరి ముందు ఏమంటుందో ఆయనకి తెలుసు. ఆ చెయ్యి మెల్లగా దిగి, అలవాటుగా గుండె మీదికి వెళ్ళి, అక్కడ కూడా ఉండలేక జేబులోకి పోయింది. వేదిక మీద ఒక్క చెయ్యీ లేవలేదు. తీర్మానం వీగిపోయిందని మాస్టారే ప్రకటించాడు. స్తంభం మీద గుడ్డ తీయడం ఎవరికీ గుర్తు రాలేదు.

ముగ్గురూ నడుచుకుంటూ ఇల్లు చేరారు. తాళం తీస్తూ భార్య, "బయల్దేరేటప్పుడు చూశాను, అత్తయ్య గదిలో గూటి వెనక వైరు వేలాడుతోంది. పొద్దున్న లేదు," అంది. ఫ్యూజు జరిగిందంతా చెప్పేశాడు.  "నా కోసమే చేశారని తెలుసు. అయినా నాకు కోపంగానే ఉంది. రెండ్రోజులు ఉంటుంది," అందావిడ. అతను తల ఊపాడు. రెండ్రోజుల కోపం అతనికి పెద్ద వరంలాగే వినబడింది. పెట్టె విప్పి కొట్టు సంచిలో పడేశాడు.

తల్లి కాళ్ళు కడుక్కుని గదిలోకి వెళ్ళింది. ఫ్యూజు అరుగు మీదికి వచ్చేసరికి గేటు దగ్గర చెవుల మాస్టారు నిలబడి ఉన్నాడు. ఇంటికి వెళ్ళే దారి అది కాదు. ఎటు వెళుతున్నాడో ఆయనకే తెలియనట్టుంది.

లోపల చిన్న గంట మోగింది.

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. అలసిపోయిన గొంతుతో, "ఇది ఎప్పుడు బిగించావు?" అన్నాడు.

"బిగించలేదు మాస్టారూ. మా అమ్మ కొడుతోంది."

మాస్టారు నమ్మలేదు. ఇక ఏ గంటనీ నమ్మే స్థితిలో లేడాయన. గేటు మీద చెయ్యి వేసి, తల వంచి, విన్నాడు. గంట కాసేపు మోగి మధ్యలో ఆగింది. లోపల ముసలావిడ దగ్గు వినబడింది. చెయ్యి మార్చుకుంది కాబోలు, మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకా మెల్లగా.

"ఆ..." అన్నాడు మాస్టారు. "చేతిదే."

"ఏడు ఎప్పుడో దాటింది కదండీ," అన్నాడు ఫ్యూజు.

మాస్టారు మెళ్ళోంచి ఈల తీసి జేబులో వేసుకున్నాడు. దేవుణ్ణి నమ్మని మనిషీ, ఇంకెవర్నీ నమ్మలేని మనిషీ గేటుకి చెరో పక్కా నిలబడి, ఆవిడ కొట్టడం ఆపేదాకా విన్నారు.